కనిపించని విశ్వం – 4: వంగవలసిన గీత వంగలేదు

జరిగిన కథ: యురేనస్ నడకలో తేడాను పట్టుకుని 1846లో లెవెరియె కాగితం మీదే నెప్ట్యూన్ జాడ చెప్పాడు. బెర్లిన్‌లో గాలె టెలిస్కోప్ తిప్పిన రాత్రే ఆ గ్రహం కనిపించింది. బుధుడి కక్ష్యలో తేడాకూ అదే ఉపాయం వాడి వల్కన్ అనే గ్రహాన్ని ఊహించారు. అది ఎన్నటికీ దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్నే తిరగరాశాక ఆ లెక్క సరిపోయింది. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపులో కనిపించని పదార్థం ఉందన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇక చదవండి.

ఒక్క సాక్ష్యం చాలలేదు

జ్వికీ మాట నలభై ఏళ్లు ఎందుకు మూలన పడింది? మనిషి నోటి దురుసు అని, తోటి శాస్త్రవేత్తలకు ఆయనంటే గిట్టేది కాదని తరచూ చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. కానీ అసలు కారణం ఆయన స్వభావంలో లేదు, సాక్ష్యంలో ఉంది.

కోమా గుంపులో గెలాక్సీల వేగాల మధ్య తేడాలు సెకనుకు 1000 కిలోమీటర్ల స్థాయిలో ఉన్నాయి. కనిపించే వెలుగును బట్టి ఆ గుంపు ద్రవ్యరాశిని లెక్కకడితే ఆ తేడాలు 80 కిలోమీటర్ల దగ్గర ఉండాలి. ఇంత జోరుగా తిరిగేవి చెదిరిపోకుండా ఉండాలంటే కనిపించేదానికి 400 రెట్లు పదార్థం కావాలని జ్వికీ తేల్చాడు. అయితే అప్పటికి ఆ గుంపులో వేగం కొలిచిన గెలాక్సీలు కొద్దే. పైగా గెలాక్సీల దూరాలకు అప్పట్లో వాడిన కొలబద్దే తప్పు. తర్వాత దాన్ని సవరిస్తే ఆ 400 బాగా తగ్గింది. అసలు ఆ గుంపు నిలకడగా ఉందని ఎలా నమ్మడం, అది నిజంగానే చెదిరిపోతోందేమో అని 1950లలో అంబర్త్సుమియన్ వంటి పెద్దలు వాదించారు. ఆ వాదనను కొట్టిపారేసే ఆధారం ఎవరి దగ్గరా లేదు.

జ్వికీ చెప్పింది మూలంలో నిజమే. కానీ ఒక మాట నిజం కావడం వేరు, అది నిజమని లోకానికి రుజువు కావడం వేరు. ఈ రెంటి మధ్య నాలుగు దశాబ్దాల దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించినవాళ్ల కథ ఈ భాగం.

వాషింగ్టన్ అమ్మాయి

వేరా కూపర్ 1928లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. పదేళ్ల వయసులో కుటుంబం వాషింగ్టన్‌కు మారింది. ఉత్తరం వైపు తెరుచుకునే కిటికీ పక్కన ఆమె మంచం. ధ్రువనక్షత్రం చుట్టూ చుక్కలు మెల్లగా తిరగడం చూస్తూ రాత్రులు మేల్కొనేది. తండ్రి ఎలక్ట్రికల్ ఇంజినీరు. కూతురికి చిన్న టెలిస్కోప్ కట్టుకోవడంలో ఆయనే సాయం చేశాడు. వాసర్ కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చిందని బడిలో ఫిజిక్స్ మాస్టారికి చెబితే, సైన్సు జోలికి పోకుండా ఉంటే బాగుపడతావన్నాడాయన.

1948లో డిగ్రీ చేతికొచ్చింది. పై చదువు కోసం ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి రాస్తే, ఖగోళశాస్త్ర విభాగంలో ఆడవాళ్లను చేర్చుకోమని జవాబు వచ్చింది. ఆ తలుపు తెరుచుకున్నది 1975లో. వేరా 1948లోనే రాబర్ట్ రూబిన్‌ను పెళ్లాడి ఆయన చదువుతున్న కార్నెల్‌లో చేరింది. అక్కడ ఫైన్‌మన్, బేతే, మోరిసన్ దగ్గర భౌతికశాస్త్రం చదువుకుంది. గెలాక్సీలన్నీ కలిసి ఏదైనా పెద్ద చలనంలో పాలుపంచుకుంటున్నాయా అన్నది ఆమె మాస్టర్స్ పరిశోధన. 1950 డిసెంబరులో పచ్చి బాలింతగా, చంటిబిడ్డతో మంచుదారిలో ప్రయాణించి హావర్‌ఫోర్డ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల సభలో ఆ ఫలితం వినిపించింది. పెద్దలు ఒప్పుకోలేదు, శాస్త్ర పత్రికలూ వేయలేదు.

డాక్టరేట్ జార్జ్‌టౌన్‌లో, జార్జ్ గామోవ్ పర్యవేక్షణలో. తరగతులు సాయంత్రం పూట జరిగేవి. వేరాకు కారు నడపడం రాదు. భర్త దింపి, ఆమె తరగతి ముగిసేదాకా కారులోనే రాత్రి భోజనం కానిచ్చేవాడు. ఇంటి దగ్గర పిల్లల్ని అమ్మానాన్నలు చూసుకునేవారు. 1954లో పట్టా వచ్చింది. గెలాక్సీలు ఆకాశంలో విచ్చలవిడిగా చల్లినట్టు లేవని, గుంపులు కట్టి ఉన్నాయని అందులో చూపింది. దాన్నీ చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.

జార్జ్‌టౌన్‌లో పాఠాలు చెబుతూ 1962లో తన విద్యార్థులతో కలిసి మన పాలపుంతలోని నక్షత్రాల వేగాలను లెక్కించింది. సూర్యుడికి ఆవలి వైపు కూడా వేగం తగ్గడం లేదని ఆ వ్యాసంలో రాశారు. తర్వాతి కథంతా ఆ వాక్యంలో విత్తుగా ఉంది. అప్పుడు దాన్ని గమనించినవాళ్లు దాదాపు లేరు.

ఫోర్డ్ చేతిలోని గొట్టం

1965లో వేరా వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థకు చెందిన భూఅయస్కాంత విభాగంలో చేరింది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండాలని మధ్యాహ్నం మూడింటికే వెళ్లే వీలు అడిగి, అందుకు తగ్గట్టు తక్కువ జీతానికి ఒప్పుకుంది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని పాలొమార్‌లో అధికారికంగా పరిశీలనకు అనుమతి పొందిన మొదటి మహిళ అయింది. అంతకుముందు మార్గరెట్ బర్బిడ్జ్ వంటి ఖగోళ శాస్త్రవేత్తలు టెలిస్కోప్ సమయం కోసం భర్త పేరున దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది.

కొత్త ఆఫీసులో పక్క బల్ల మనిషి కెంట్ ఫోర్డ్. భౌతికశాస్త్రవేత్త, పనిముట్లు చేయడంలో దిట్ట. గెలాక్సీల వెలుగు ఎంత మసకదంటే, ఒక్క వర్ణపటం ఫొటో ప్లేటు మీద పడడానికి రాత్రుల తరబడి కాంతిని పోగుచేయాల్సి వచ్చేది. ఫోర్డ్ మెరుగుపరిచిన ఇమేజ్ ట్యూబు ఈ బాధ తీర్చింది. టెలిస్కోప్ నుంచి వచ్చిన కాంతి ట్యూబు ముందు ముఖాన్ని తాకి ఎలక్ట్రాన్లను లేపుతుంది. అవి లోపల వేగం పుంజుకుని అవతలి ఫాస్ఫర్ తెరను వెలిగిస్తాయి. మసక బొమ్మ మెరిసే బొమ్మగా మారి ప్లేటు మీద పడుతుంది. పది గంటల పని సుమారు గంటలో అయిపోతుంది. దీన్ని వర్ణపటలేఖినికి బిగించాక, మామూలు సైజు టెలిస్కోప్‌కు మహా టెలిస్కోప్ బలం వచ్చింది.

ఆ రోజుల్లో అందరి చూపూ క్వేజార్లనే అతి దూరపు వెలుగుల మీదే. వేరా కూడా కొంతకాలం ఆ పని చేసింది. ఫలితం ఎవరు ముందు ప్రకటిస్తారనే ఆ పరుగు ఆమెకు నచ్చలేదు. ఎవరూ తొందరపడని, కానీ ఓపికగా చేస్తే పనికొచ్చే సమస్య కావాలనుకుంది. ఆండ్రోమెడాను ఎంచుకుంది.

ఉత్తరాభాద్ర పక్కన

కార్తీక మాసంలో రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల వేళ, వీధి దీపాలు లేని పల్లెలో నిలబడి ఉత్తరాభాద్ర నక్షత్రాలను పట్టుకోండి. అక్కడినుంచి కాస్త ఉత్తరంగా చూస్తే మబ్బు తునకలాంటి మసక మచ్చ కంటికి ఆనుతుంది. అదే ఆండ్రోమెడా. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న, మన పాలపుంతకు పొరుగున ఉన్న మహా గెలాక్సీ.

రూబిన్, ఫోర్డ్‌లకు అందులో కావలసినవి నక్షత్రాలు కావు. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాల చుట్టూ ఎర్రగా వెలిగే హైడ్రోజన్ మేఘాలు. వాటి వర్ణపటంలో 656.3 నానోమీటర్ల దగ్గర ఒక పదునైన ఎర్ర గీత ఉంటుంది. మేఘం మననుంచి దూరమవుతుంటే ఆ గీత ఎరుపు వైపు, దగ్గరవుతుంటే నీలం వైపు జరుగుతుంది. సెకనుకు 200 కిలోమీటర్ల వేగానికి ఆ జరుగుబాటు అర నానోమీటరు కూడా ఉండదు. ఆ వెంట్రుకవాసి తేడాలోనే గెలాక్సీ బరువంతా దాగి ఉంది.

ఈ మేఘాలు ఎక్కడున్నాయో చూపే పటాలు వాల్టర్ బాడే తయారు చేసి పెట్టినవి. 688 మేఘాల జాబితా అది. బాడే చనిపోయాక 1964లో వెలువడింది. అరిజోనాలోని కిట్ పీక్ మీద 84 అంగుళాల టెలిస్కోప్, ఫ్లాగ్‌స్టాఫ్‌లోని లోవెల్ అబ్జర్వేటరీలో 72 అంగుళాల టెలిస్కోప్. వర్ణపటలేఖినిని మోసుకుని ఈ రెండు చోట్లా పనిచేశారు. గురిపెట్టవలసిన మేఘం కంటికి కనిపించదు. దగ్గరలో ఉన్న చుక్కను పట్టుకుని, పటంలో కొలిచి ఉంచిన దూరం మేరకు టెలిస్కోప్‌ను జరపాలి. భూమి తిరుగుతున్నంతసేపూ ఆ చుక్క గురి తప్పకుండా కంటి కటకం దగ్గర కాపలా కాయాలి. వేడి గాలి పుడితే బొమ్మ చెదురుతుందని గుమ్మటంలో కుంపటి ఉండదు. ఎడారి కొండ మీద చలికాలపు రాత్రి, ఆ చలిలోనే ఇద్దరూ వంతులవారీగా కూర్చునేవారు. తర్వాత చీకటి గదిలో ప్లేటు కడగడం, వాషింగ్టన్ చేరాక సూక్ష్మదర్శిని కింద గీతల స్థానాలు కొలవడం.

అలా 67 మేఘాల వేగాలు చేతికొచ్చాయి. 1970లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. అప్పుడు ఆ పత్రిక సంపాదకుడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

గీత ఎందుకు వంగాలి?

సూర్యకుటుంబంలో దాదాపు బరువంతా నడిమధ్య సూర్యుడిలోనే ఉంది. అందుకే దూరం పెరిగేకొద్దీ గ్రహాలు నెమ్మదిస్తాయి. బుధుడి వేగం సెకనుకు 47 కిలోమీటర్లు, భూమిది 30, గురుడిది 13, నెప్ట్యూన్‌ది 5.4. దూరం నాలుగింతలైతే వేగం సగమవుతుంది. ఈ వేగాలను గ్రాఫ్ మీద గీస్తే గీత మొదట గబగబా, తర్వాత మెల్లగా కిందికి వంగుతుంది.

గెలాక్సీలో కూడా వెలుగు నడిమధ్యే కిక్కిరిసి ఉంటుంది. వెలుగున్న చోటే బరువు ఉంటుందనుకుంటే, అంచుల్లోని మేఘాలు నెప్ట్యూన్‌లా నెమ్మదిగా కదలాలి. ఆండ్రోమెడాలో అలా జరగలేదు. కేంద్రం నుంచి సుమారు 78,000 కాంతి సంవత్సరాల దాకా కొలిచినా వేగాలు సెకనుకు 200 కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. గీత చదునుగా సాగిపోయింది.

దీని అర్థం సూటిగా ఉంది. దూరం రెట్టింపైనా వేగం తగ్గలేదంటే, ఆ దూరం లోపల ఉన్న బరువు కూడా రెట్టింపవుతోందన్నమాట. నక్షత్రాలు పలచబడిపోయిన చోట కూడా బరువు పోగవుతూనే ఉంది. రాత్రిపూట తిరుపతిలో నిలబడి చూస్తే ఘాట్ రోడ్డు దీపాల వరసే కనిపిస్తుంది గాని ఆ దీపాలను మోస్తున్న కొండ కనిపించదు. గెలాక్సీలో మనం నక్షత్రాలుగా చూస్తున్నది ఆ దీపాల వరసనే.

ఇంత పెద్ద మాట 1970 వ్యాసంలో లేదు. కొలిచినంత మేర ఆండ్రోమెడా ద్రవ్యరాశి 18,500 కోట్ల సూర్యులంత అని చెప్పి, కొలవని చోటు గురించి ఊహలు అనవసరమన్నట్టుగా ఆగిపోయారు. ఈ సంయమనం నాకు ఆ ఫలితమంత గొప్పగా కనిపిస్తుంది. చేతిలో ఉన్న సాక్ష్యం ఎంతవరకు మాట్లాడుతుందో అంతవరకే మాట్లాడడం శాస్త్రంలో మొదటి మర్యాద.

తలో వైపు నుంచి

ఈ కథను ఒక్క వేరా రూబిన్ కథగా చెప్పడం ఈమధ్య అలవాటైంది. ఆమె మీద గౌరవంతోనే చెబుతున్నా అది ఆమె పనికి న్యాయం చేయదు, మిగతావారికి అసలే చేయదు.

అదే 1970లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త కెన్ ఫ్రీమన్, కొన్ని గెలాక్సీల్లో కనిపించే పదార్థంతో వేగాల లెక్క కుదరడం లేదని, చూడని ద్రవ్యరాశి కనీసం చూసినంత ఉండాలని ఒక వ్యాసం చివర రాశాడు. రేడియో ఖగోళశాస్త్రం ఇంకా దూరం చూసింది. చల్లని హైడ్రోజన్ వాయువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలను వెలువరిస్తుంది. నక్షత్రాలు ఆగిపోయిన చోటికి చాలా ఆవల కూడా ఆ వాయువు ఉంటుంది. గ్రీన్ బ్యాంక్‌లోని 300 అడుగుల రేడియో టెలిస్కోప్‌తో మోర్టన్ రాబర్ట్స్, రాబర్ట్ వైట్‌హర్స్ట్ ఆండ్రోమెడా గీతను దాదాపు లక్ష కాంతి సంవత్సరాల దాకా పొడిగించారు. 1975లో ఆ ఫలితం అచ్చయింది. అక్కడా గీత వంగలేదు. 1978లో నెదర్లాండ్స్‌లో ఆల్బర్ట్ బోస్మా తన డాక్టరేట్ పరిశోధనలో వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోప్‌ల వరసతో ఎన్నో గెలాక్సీలను కొలిచి అదే చూపాడు.

సిద్ధాంతం వైపు నుంచి కూడా దారి తెరుచుకుంది. ప్రిన్స్‌టన్‌లో జెరెమయా ఓస్ట్రైకర్, జిమ్ పీబుల్స్ కంప్యూటర్‌లో కొన్ని వందల బిందువులతో తిరిగే పళ్లెం లాంటి గెలాక్సీని నడిపి చూశారు. వదిలేస్తే అది కొద్ది చుట్లలోనే రూపు చెడి కడ్డీలా సాగిపోయింది. చుట్టూ కనిపించని పదార్థంతో గుండ్రని పరివేషం ఒకటి ఉంటే తప్ప నిలబడలేదు. అది 1973. మరుసటి ఏడు వాళ్లూ, సోవియట్ పాలనలోని ఎస్టోనియాలో యాన్ ఐనాస్టో బృందమూ వేరువేరుగా ఒకే మాటకు వచ్చారు. గెలాక్సీల అసలు బరువు కనిపించేదానికి పదింతల వరకు ఉండవచ్చు. జ్వికీ గుంపుల లెక్క, గెలాక్సీల గీత లెక్క రెండూ అప్పుడు ఒక్క చోట కలిశాయి.

అరవై గెలాక్సీలు

ఇంత జరిగినా తప్పించుకునే సందు ఒకటి మిగిలింది. ఆండ్రోమెడా ఒక్కటే వింత గెలాక్సీ కావచ్చు కదా. రేడియో కొలతల్లో అప్పటి పరికరాల మసకతనం దోషం తెచ్చి ఉండవచ్చు కదా.

రూబిన్, ఫోర్డ్ ఆ సందు మూసే పనికి పూనుకున్నారు. నార్బర్ట్ తొనార్డ్ వారికి తోడయ్యాడు. కిట్ పీక్ మీద, చిలీలోని సెర్రో టొలోలో మీద అప్పటికి కొత్తగా వచ్చిన 4 మీటర్ల టెలిస్కోప్‌లకు ఫోర్డ్ పరికరం బిగించారు. ఇప్పుడు మేఘం మేఘం వెతకనక్కరలేదు. దూరపు గెలాక్సీ మొత్తం వర్ణపటలేఖిని సన్నని చీలికలో పొడవునా ఇమిడిపోతుంది. రెండు మూడు గంటల ఎక్స్‌పోజరుకు ఒక గెలాక్సీ గీత అంతా ఒకే ప్లేటు మీద పడుతుంది. ఆ ప్లేటు కడిగి వెలుతురుకు పట్టుకుంటే లెక్క కూడా అక్కరలేదు. హైడ్రోజన్ గీత మధ్యలో నిటారుగా లేచి, రెండు వైపులా చివరిదాకా చదునుగా సాగడం కంటికే తెలుస్తుంది.

1978లో పది గెలాక్సీలు. 1980లో ఇరవై ఒకటి. చిన్నదైన ఎన్‌జీసీ 4605 నుంచి అతి పెద్దదైన యూజీసీ 2885 దాకా, ఏ సైజు తీసుకున్నా గీత అదే తీరు. 1985 నాటికి మూడు రకాల సర్పిల గెలాక్సీలు కలిపి అరవై అయ్యాయి. ఒక్కటీ సూర్యకుటుంబం తీరులో వంగలేదు. పదేళ్ల ముందు ప్రశ్నలు వేసినవారే ఇప్పుడు ఆ కనిపించనిది ఏమిటన్న వెతుకులాటలోకి దిగారు.

జ్వికీ ఒక్క గుంపును చూపి గొంతెత్తి చెప్పాడు. రూబిన్ గొంతు ఎత్తలేదు, గెలాక్సీల సంఖ్య పెంచింది. లోకం రెండో పద్ధతికి లొంగింది. అలా లొంగడమే సరైనది.

నెప్ట్యూనా, వల్కనా?

మొదటి భాగంలో ఎత్తుకున్న ప్రశ్న ఇక్కడ మళ్లీ లేచింది. లెక్క కుదరనప్పుడు కనిపించని వస్తువు ఉందనాలా, సూత్రం తప్పనాలా? 1983లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మోర్డెహాయ్ మిల్‌గ్రోమ్ రెండో దారి పట్టాడు. అతి స్వల్పమైన త్వరణాల దగ్గర న్యూటన్ గతిసూత్రమే మారుతుందని ప్రతిపాదించాడు. గెలాక్సీల చదును గీతలను ఆ సూత్రం చక్కగా వివరిస్తుంది. వేరా రూబిన్ కూడా ఈ దారిని చివరిదాకా తీసిపారేయలేదు.

కానీ గెలాక్సీల గుంపుల దగ్గర ఆ సూత్రానికి కూడా అదనపు పదార్థం అవసరమైంది. 2006లో బుల్లెట్ క్లస్టర్ మీద వచ్చిన పరిశీలన దానికి గట్టి దెబ్బ. రెండు గుంపులు ఢీకొని దాటిపోయిన చోటు అది. వాటి మామూలు పదార్థంలో అధికభాగమైన వేడి వాయువు ఢీకొన్న చోట వెనకబడింది. వెనక ఉన్న గెలాక్సీల కాంతి వంగిన తీరును బట్టి చూస్తే బరువు మాత్రం వాయువును విడిచి ముందుకు సాగిపోయింది. బరువు ఒక చోట, కనిపించే పదార్థంలో ఎక్కువ భాగం మరో చోట ఉన్నప్పుడు, కనిపించనిదేదో నిజంగానే ఉందని చెప్పక తప్పదు.

అది ఆరిపోయిన నక్షత్రాలో, చీకట్లో తిరిగే గ్రహాలో కావన్నది కూడా తేలింది. 1990లలో అలాంటి వాటికోసం లక్షలాది నక్షత్రాలను కాపలా కాసి వెతికితే, లెక్కకు సరిపడా దొరకలేదు. విశ్వం తొలి నిమిషాల్లో తయారైన తేలిక మూలకాల పాళ్లు కూడా మామూలు పరమాణువులు అంత లేవనే చెబుతున్నాయి. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం విశ్వంలో మనకు తెలిసిన పదార్థం 5 శాతం. ఈ కనిపించని పదార్థం, అంటే కృష్ణ పదార్థం, సుమారు 27 శాతం. దాని కణం కోసం ఇటలీలో గ్రాన్ సాసో పర్వతం కింద, అమెరికాలో పాత బంగారు గనిలో, మన జార్ఖండ్‌లో జాదుగూడ యురేనియం గని లోతుల్లో పరికరాలు ఏర్పాటయ్యాయి. ఆ కణం ఇంతవరకు చిక్కలేదు.

చిక్కలేదు కాబట్టి అంతా ఊహేనని కొట్టిపారేసేవారికి ఈ భాగం చెప్పే జవాబు ఒకటే. కృష్ణ పదార్థం పేరు లేని చోట మనిషి పెట్టుకున్న పేరు కావచ్చు. కానీ ఆ పేరు వెనక కొలిచిన గెలాక్సీలు ఉన్నాయి, వేర్వేరు దేశాల్లో వేర్వేరు పనిముట్లతో ఒకే చోటికి చేరిన మనుషులు ఉన్నారు. అది ఏమిటో తెలియకపోయినా ఎంత ఉందో, ఎక్కడ ఉందో మనకు తెలుసు. ఇంత కచ్చితంగా తెలిసిన అజ్ఞానం కూడా ఒక విధమైన జ్ఞానమే. దాన్ని సంపాదించిన తీరును గౌరవించాలి.

వేరా రూబిన్ 2016 డిసెంబరు 25న కన్నుమూసింది. నోబెల్ బహుమతి ఆమెకు రాలేదు. చిలీలో సెర్రో పచోన్ కొండ మీద 8.4 మీటర్ల అద్దంతో కట్టిన కొత్త అబ్జర్వేటరీకి ఆమె పేరు పెట్టారు. 2025 జూన్‌లో దాని తొలి చిత్రాలు విడుదలయ్యాయి. కోట్లాది గెలాక్సీలను ఏళ్ల తరబడి చూడడం దాని పని. అరవైతో గెలిచిన వాదాన్ని ఇక కోట్లతో పరీక్షిస్తారు.

5 శాతం, 27 శాతం కలిపితే 32. మిగిలిన 68 శాతం సంగతేమిటి? 1998లో పేలిపోతున్న నక్షత్రాల వెలుగును కొలిచిన రెండు బృందాలు, విశ్వం విస్తరణ నెమ్మదించడం లేదని, పైపెచ్చు వేగం పుంజుకుంటోందని కనుగొన్నాయి. ఆ ఫలితాన్ని మొదట తామే నమ్మలేక, తప్పు ఎక్కడుందో వెతుక్కున్నాయి.

(వచ్చే భాగం: కృష్ణ శక్తి – పరుగెత్తే విశ్వం)